పాత గేమింగ్ పీసీని తక్కువ ఖర్చుతో లేపడం: ఏది మార్చాలి, ఏది ఉంచుకోవాలి, ఎలా బిగించాలి

మా పిన్ని కొడుకు హనుమకొండలో ఇంజినీరింగ్ చదువుతున్నాడు. ఒక ఆదివారం పొద్దున్నే ఫోన్ చేసి, "అన్నా, నా పీసీ పని అయిపోయింది, కొత్త గేమ్ ఏది పెట్టినా ఆగి ఆగి వస్తోంది, నాన్న నలభై వేల దాకా ఇస్తానన్నాడు, కొత్తది కొనేద్దామా?" అన్నాడు. వాడిది 2019లో అసెంబుల్ చేయించిన పీసీ. రైజెన్ 5 2600 ప్రాసెసర్, బీ450 మదర్‌బోర్డ్, 8 జీబీ ర్యామ్ ఒకటే స్టిక్, జీటీఎక్స్ 1050 టీఐ గ్రాఫిక్స్ కార్డ్, 1 టీబీ హార్డ్ డిస్క్, క్యాబినెట్‌తో పాటు షాపులో అంటగట్టిన ఊరూ పేరూ లేని ఎస్‌ఎంపీఎస్ (పీసీకి కరెంట్ అందించే పవర్ సప్లై). అప్పట్లో మనవాళ్ళు కొన్నవాటిలో ఇలాంటివి చాలా ఉంటాయి, అందుకే వాడితో కలిసి చేసినదంతా వివరంగా రాస్తున్నాను.

నలభై వేలకి కొత్త గేమింగ్ పీసీ కొంటే బోర్డు, ర్యామ్, క్యాబినెట్‌కే సగం డబ్బు పోతుంది, గ్రాఫిక్స్ కార్డుకి మిగిలేది తక్కువ. అదే డబ్బు పాత పీసీలో సరైన చోట పెడితే ఆటలో తేడా కంటికి కనిపిస్తుంది. పైగా 2025 చివరి నుంచి, ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల ర్యామ్ ధరలు ఒక్కసారిగా ఎక్కి కూర్చున్నాయి. ఇలాంటప్పుడు ఇంట్లో ఉన్న డీడీఆర్4 ర్యామ్ స్టిక్కుని పక్కన పడేసి కొత్త తరం ర్యామ్ డీడీఆర్5కి వెళ్ళడం, తక్కువ బడ్జెట్ వాళ్ళు చేయాల్సిన పని కాదని నా గట్టి అభిప్రాయం.

ముందు జబ్బు ఏమిటో చూడండి

షాపుకి వెళ్ళేముందు ఒక సాయంత్రం దీనికి కేటాయించండి. ఎంఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకుంటే, ఆట ఆడుతుండగానే స్క్రీన్ మూలన ఎఫ్‌పీఎస్ (సెకనుకి వచ్చే ఫ్రేములు), గ్రాఫిక్స్ కార్డు వాడకం, ప్రాసెసర్ వాడకం, టెంపరేచర్లు, ర్యామ్ అన్నీ కనిపించేలా పెట్టుకోవచ్చు. మీరు రోజూ ఆడే ఆటనే ఒక అరగంట ఆడండి. గ్రాఫిక్స్ కార్డు వాడకం 95 నుంచి 99 శాతం దగ్గర నిలబడి ఎఫ్‌పీఎస్ తక్కువగా ఉంటే, లోటు గ్రాఫిక్స్ కార్డుది. అదే కార్డు 50, 60 శాతం దగ్గర ఊగుతూ ఆట మాత్రం జెర్కులు కొడుతుంటే, ప్రాసెసరో ర్యామో దానికి పని అందించలేకపోతోందని అర్థం. ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు, ప్రాసెసర్ మొత్తం వాడకం 45 శాతమే చూపిస్తోంది కాబట్టి ప్రాసెసర్ బాగానే ఉందనుకుంటారు. ఆరు కోర్లలో ఒక్క కోరు నిండిపోయి మిగతావి ఖాళీగా ఉన్నా మొత్తం లెక్క తక్కువగానే కనిపిస్తుంది, కాబట్టి కోర్ల వారీగా చూడాలి.

ఇంకో సులువైన పరీక్ష ఉంది. ఆటలో రిజల్యూషన్, గ్రాఫిక్స్ సెట్టింగులు బాగా తగ్గించి చూడండి. ఎఫ్‌పీఎస్ అమాంతం పెరిగితే ఇరుకు గ్రాఫిక్స్ కార్డు దగ్గరుంది, ఎంత తగ్గించినా ఎఫ్‌పీఎస్ అక్కడే ఉంటే ప్రాసెసర్ దగ్గరుంది. వాలొరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 లాంటివి ప్రాసెసర్ మీద ఎక్కువ పడతాయి, పెద్ద పెద్ద కథల గేములు గ్రాఫిక్స్ కార్డు మీద పడతాయి, అంటే మీరేం ఆడతారన్నదాన్ని బట్టి డబ్బు పెట్టే చోటు మారుతుంది. మానిటర్ కూడా చూసుకోండి. అది 60 హెర్ట్జ్‌దైతే 140 ఎఫ్‌పీఎస్ కోసం వేలు పోసినా మీ కంటికి కనిపించేది 60 ఫ్రేములే.

మావాడి పీసీలో వచ్చిన లెక్క ఇది: వాలొరెంట్‌లో కార్డు సగం ఖాళీ, పెద్ద గేముల్లో కార్డు 99 శాతం, ర్యామ్ ఎప్పుడు చూసినా 7.5 జీబీ పైనే, గేమ్ లోడ్ అవుతున్నంతసేపూ హార్డ్ డిస్క్ 100 శాతం. అన్నిట్లోనూ ఇరుకే. అలాంటప్పుడు ఏ క్రమంలో మార్చాలన్నది ముఖ్యం.

డబ్బు ఖర్చు లేని పనులు

క్యాబినెట్ తెరిచి దుమ్ము దులపండి. మన ఎండాకాలంలో గదిలోనే 38, 40 డిగ్రీలుంటుంది, దానికి తోడు హీట్‌సింక్ రెక్కల మధ్య బూజు పేరుకుంటే ప్రాసెసర్ వేడెక్కి తనంతట తానే స్పీడు తగ్గించుకుంటుంది. బ్లోయర్ వాడేటప్పుడు ఫ్యాన్ రెక్కని వేలితో పట్టుకోండి, గాలికి అది గిర్రున తిరిగిపోతే బేరింగ్ పాడవుతుంది.

తర్వాత బయోస్‌లోకి (విండోస్ కంటే ముందు తెరుచుకునే బోర్డు సెట్టింగుల మెనూ) వెళ్ళి, ర్యామ్‌ని దాని పూర్తి స్పీడుకి నడిపే ఎక్స్‌ఎంపీ ఆన్ చేశారో లేదో చూడండి. కొన్ని బోర్డుల్లో దాన్నే డీఓసీపీ అంటారు. మీ ర్యామ్ డబ్బా మీద 3200 అని రాసి ఉన్నా, ఇది ఆన్ చేయకపోతే 2133 దగ్గరో 2400 దగ్గరో నడుస్తూ ఉంటుంది. రైజెన్ ప్రాసెసర్ల లోపలి దారి ర్యామ్ స్పీడుతో ముడిపడి ఉంటుంది కాబట్టి వాటికి ఈ తేడా ఎక్కువ తెలుస్తుంది. ఆరేళ్ళుగా ఎక్స్‌ఎంపీ ఆఫ్‌లోనే నడుస్తున్న పీసీలు నేనే నాలుగైదు చూశాను. మానిటర్ కేబుల్ మదర్‌బోర్డుకి కాకుండా గ్రాఫిక్స్ కార్డుకే పెట్టి ఉందా, 144 హెర్ట్జ్ మానిటర్ విండోస్ సెట్టింగుల్లో కూడా 144కే ఉందా అన్నవీ ఇప్పుడే చూసేయండి.

ఎస్‌ఎస్‌డీ, ర్యామ్

హార్డ్ డిస్క్ మీద విండోస్ నడుస్తుంటే మొదటి రూపాయి ఎస్‌ఎస్‌డీకే. హార్డ్ డిస్క్ సెకనుకి 100, 150 ఎంబీ చదివితే, సాటా వైరుతో పెట్టే మామూలు ఎస్‌ఎస్‌డీ 500 దాటుతుంది. బోర్డు మీద ఎం.2 అనే సన్నటి స్లాట్ ఉంటే దాంట్లో పెట్టే ఎన్‌వీఎంఈ రకం ఎస్‌ఎస్‌డీ తీసుకోండి, ధరలో పెద్ద తేడా ఉండదు. దీనివల్ల ఎఫ్‌పీఎస్ పెరగదు గానీ లోడింగులు తగ్గుతాయి, మ్యాప్ మధ్యలో ఆగి ఆగి రావడం చాలావరకు పోతుంది. పాత హార్డ్ డిస్కుని సినిమాలకీ ఫొటోలకీ ఉంచుకోండి.

ర్యామ్ ఒక్క స్టిక్ ఉంటే ఇంకోటి వేయండి. 8 నుంచి 16 అవడం ఒక లాభమైతే, రెండు స్టిక్కులు కలిసి డ్యూయల్ ఛానల్‌లో నడవడం ఇంకో లాభం, ర్యామ్‌కీ ప్రాసెసర్‌కీ మధ్య దారి రెండింతలు అవుతుంది. నాలుగు స్లాట్ల బోర్డయితే ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండోది, నాలుగోది వాడండి. స్లాట్ల రంగులు చూసి ఊహించకండి, మాన్యువల్లో బొమ్మ ఉంటుంది. కొత్త స్టిక్ స్పీడు వేరేగా ఉంటే రెండూ తక్కువ స్పీడుకి దిగి నడుస్తాయి. వీలైతే పాతదాని మోడల్ నంబరు ఫొటో తీసుకెళ్ళి అదే అడగండి, ఇప్పుడున్న రేట్లలో సెకండ్ హ్యాండ్ ర్యామ్ కొనడానికి ఏమాత్రం వెనకాడొద్దు, ర్యామ్ అంత సులువుగా పాడయ్యే వస్తువు కాదు.

సాకెట్ ఏది? అక్కడే ఖర్చు తేలిపోతుంది

బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే గూడే సాకెట్. రైజెన్ తయారుచేసే ఏఎండీ వాళ్ళ ఏఎం4 సాకెట్ బోర్డు ఉన్నవాళ్ళు అదృష్టవంతులు. 2017లో మొదటి రైజెన్ వచ్చిన సాకెట్‌లోనే 2022లో వచ్చిన రైజెన్ 5 5600, రైజెన్ 7 5700ఎక్స్, 5800ఎక్స్3డీ కూడా కూర్చుంటాయి. 2024 జనవరిలో కూడా అదే సాకెట్‌కి 5700ఎక్స్3డీ తెచ్చారు. రైజెన్ 1600, 2600, 2200జీ, 3200జీ ఏది ఉన్నా బోర్డు మార్చకుండా ప్రాసెసర్ ఒక్కటే మారిస్తే సరిపోతుంది. మావాడికి నేను చెప్పింది 5600. 2600కీ దానికీ రెండింటికీ ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లే, టీడీపీ (చల్లార్చాల్సిన వేడి లెక్క) కూడా అదే 65 వాట్లు, కానీ ఒక్కో కోరు బలం చాలా ఎక్కువ, ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలుండే వేగమైన మెమరీ) 16 నుంచి 32 ఎంబీ అవుతుంది, గేముల్లో తేడా వచ్చేది అక్కడే. 5500 కాస్త చవకని అది కొనేవాళ్ళున్నారు, దానిలో క్యాష్ 16 ఎంబీయే, అందుకని రెండింటి మధ్య తేడా వెయ్యీ రెండు వేలే అయితే 5600 వైపే వెళ్ళండి. 5700ఎక్స్3డీ గేములకి చాలా మంచిదే, అయితే ధర ఎక్కువ, డబ్బాలో కూలర్ కూడా రాదు. నలభై వేలలో దానికి చోటు లేదు.

ఇంటెల్ వాళ్ళ పరిస్థితి వేరు. 6, 7 జనరేషన్ల బోర్డూ 8, 9 జనరేషన్ల బోర్డూ చూడటానికి ఒకటే ఎల్‌జీఏ 1151 సాకెట్, కానీ ఒకదాంట్లో ఇంకోదాని ప్రాసెసర్ పనిచేయదు. హెచ్110 బోర్డులో ఐ5 7400 ఉన్నవాళ్ళకి మిగిలిన దారి సెకండ్ హ్యాండ్ ఐ7 7700. నాలుగు కోర్లే ఉన్న దానికి పాతవస్తువు మార్కెట్‌లో ఇంకా ఎక్కువ రేటు చెబుతుంటారు, ఇవ్వకండి. ఆ డబ్బుకి ఇంకొంత కలిపి డీడీఆర్4 వేసుకునే హెచ్610 బోర్డు, ఐ3 12100ఎఫ్ లేదా ఐ5 12400ఎఫ్ తీసుకుంటే మీ పాత డీడీఆర్4 ర్యామ్ అలాగే పనికొస్తుంది. కొనేముందు బోర్డు మీద డీడీఆర్4 అని స్పష్టంగా ఉందో లేదో చూసుకోండి, హెచ్610లో డీడీఆర్5వీ ఉన్నాయి. 8, 9 జనరేషన్ వాళ్ళు ఆరు కోర్ల ఐ5 ఉంటే ప్రాసెసర్ జోలికి పోకుండా గ్రాఫిక్స్ కార్డు మీద పెట్టండి. ఇక 4వ జనరేషన్, డీడీఆర్3 వాళ్ళు ఎస్‌ఎస్‌డీ దాకా ఖర్చుపెట్టి ఆగిపోవడం మేలు, ఆ బోర్డు మీద ఇంకేం పెట్టినా రేపు వేరే పీసీలోకి పట్టుకెళ్ళగలిగేదే పెట్టాలి.

విండోస్ సంగతి కూడా ఇక్కడే కలుస్తుంది. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ ఆగింది. విండోస్ 11 అధికారికంగా ఇంటెల్ 8వ జనరేషన్, రైజెన్ 2000 నుంచే. వాలొరెంట్ ఆడేవాళ్ళకి విండోస్ 11లో టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే రెండు భద్రతా సెట్టింగులూ బయోస్‌లో ఆన్‌లో ఉండాలి, లేకపోతే ఆట తెరుచుకోదు.

బయోస్ అప్‌డేట్, ముందే చేయాల్సిన పని

పాత బీ450 బోర్డుకి 5600 అంటే ఏమిటో తెలియదు, తెలిసేలా చేసేది బయోస్ అప్‌డేట్. ఇది పాత ప్రాసెసర్ ఉండగానే చేయాలి. కొత్తది పెట్టేశాక స్క్రీన్ నల్లగా ఉండిపోయి టెన్షన్ పడి ఫోన్ చేసేవాళ్ళలో సగం మంది ఈ పని మర్చిపోయినవాళ్ళే. బోర్డు కంపెనీ వెబ్‌సైట్‌లో మీ మోడల్ పేజీకి వెళ్ళి సీపీయూ సపోర్ట్ జాబితాలో మీరు కొనబోయే ప్రాసెసర్ ఉందో లేదో, దానికి ఏ బయోస్ వెర్షన్ కావాలో చూడండి. మోడల్ పేరు చివర ఒక్క అక్షరం, రివిజన్ నంబరు కూడా తేడా రాకూడదు. ఏ320 (ఏఎం4లోనే చవక రకం) బోర్డులున్న వాళ్ళు ఈ జాబితా చూడకుండా ప్రాసెసర్ కొనొద్దు.

ఫైల్‌ని ఎఫ్‌ఏటీ32లో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో వేసి, బయోస్‌లో ఉండే ఫ్లాష్ ఆప్షన్‌తోనే అప్‌డేట్ చేయండి. మధ్యలో కరెంట్ పోతే బోర్డు లేవదు, అందుకే యూపీఎస్ మీద చేయాలి. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కదా అనుకోకండి, కరెంట్ పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ రెప్పపాటులో చాలా పీసీలు రీస్టార్ట్ అవుతాయి. యూపీఎస్ లేకపోతే పక్కింటివాళ్ళదైనా ఒక గంట అడిగి తెచ్చుకోండి. వర్షం పడుతున్న రోజు అసలు వద్దు.

అప్‌డేట్ అయ్యాక ఎక్స్‌ఎంపీ మళ్ళీ ఆఫ్ అవుతుంది, గుర్తుపెట్టుకోండి. విండోస్‌లో డిస్కుకి తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే దాని రికవరీ కీ ముందే రాసిపెట్టుకోండి, ఎందుకంటే కొత్త ప్రాసెసర్ పెట్టి మొదటిసారి ఆన్ చేయగానే ఎఫ్‌టీపీఎం (ప్రాసెసర్‌లోనే ఉండే టీపీఎం) రీసెట్ చేయాలా అని వై, ఎన్ అడుగుతుంది, వై నొక్కాక విండోస్ ఆ కీ అడగవచ్చు. కీ లేకపోతే డేటా అంతా పోయినట్టే.

ప్రాసెసర్ మార్చడం

ఇక్కడ కాస్త నిదానంగా చదవండి. ఏఎం4 ప్రాసెసర్‌కి కింద వెయ్యికి పైగా సన్నటి పిన్నులుంటాయి, సాకెట్ వాటిని పక్కల నుంచి పట్టుకుంటుందే తప్ప పైన మూత ఏమీ ఉండదు. ఏళ్ళ తరబడి వేడికి థర్మల్ పేస్ట్ జిగురులా గట్టిపడుతుంది. నా సొంత పీసీకి మొదటిసారి ఈ పని చేసినప్పుడు స్క్రూలు తీసి కూలర్‌ని నిటారుగా పైకి లాగాను. టక్‌మని చప్పుడైంది. తిప్పి చూస్తే కూలర్ అడుగున ప్రాసెసర్ అతుక్కుని ఉంది, సాకెట్ లీవర్ మూసినది మూసినట్టే ఉంది. ఒక మూలన మూడు పిన్నులు పక్కకి ఒరిగి ఉన్నాయి. లెడ్ తీసేసిన మెకానికల్ పెన్సిల్ మొనని ఒక్కో పిన్నుకి తొడిగి, టార్చ్ వెలుతురులో వరసలు కళ్ళతో సరిచూసుకుంటూ నిలబెట్టడానికి గంటన్నర పట్టింది. ప్రాసెసర్ బతికింది గానీ ఒక్క పిన్ను విరిగినా కథ వేరేగా ఉండేది.

కాబట్టి ఇలా చేయండి. ముందు ఒక పది పదిహేను నిమిషాలు ఏదైనా బరువైన గేమ్ ఆడండి, పేస్ట్ వేడికి మెత్తబడుతుంది. వెంటనే షట్‌డౌన్ చేసి, వెనక స్విచ్ ఆపి, వైరు పీకి, పవర్ బటన్ ఒకసారి నొక్కి లోపల మిగిలిన కరెంట్ వదిలించండి. ఒంట్లోని స్టాటిక్ కరెంట్ పోయేలా క్యాబినెట్ ఇనుప భాగాన్ని చేత్తో తాకండి. స్క్రూలన్నీ వదులు చేశాక కూలర్‌ని పైకి లాగకుండా, సీసా మూత తిప్పినట్టు కుడికి కొంచెం ఎడమకి కొంచెం మెల్లగా తిప్పుతూ ఉండండి. పట్టు వదిలినట్టు చేతికి తెలుస్తుంది, అప్పుడు ఒక పక్కకి వంచి తీయండి. స్క్రూలతో బిగించే చిన్న కూలరైతే స్క్రూలు పూర్తిగా ఊడగానే బోర్డు వెనకున్న ఇనుప పలక జారి పడిపోతుంది, ఒక చెయ్యి వెనక పెట్టి పట్టుకోండి.

సాకెట్ లీవర్ నిటారుగా లేపి, పాత ప్రాసెసర్‌ని అంచులు పట్టుకుని తీసి కొత్తదాని డబ్బాలో పెట్టండి. కొత్తదాని మూలన బంగారు రంగు చిన్న త్రిభుజం ఉంటుంది, సాకెట్ మీదా ఉంటుంది, రెండూ ఒకే మూలకి రావాలి. వేళ్ళతో నొక్కే పనే లేదు, సరిగ్గా పెడితే దాని బరువుకి అదే దిగిపోతుంది. దిగలేదంటే ఎక్కడో తేడా ఉంది, నొక్కకండి. అటూ ఇటూ కదలట్లేదని చూసుకుని లీవర్ దించండి.

కూలర్ అడుగున పాత పేస్ట్ ఉంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మెత్తటి గుడ్డ తడిపి తుడవండి. శానిటైజర్ వద్దు, దాంట్లో జిడ్డు పదార్థాలు కలుస్తాయి. 5600తో పాటు వచ్చే కూలర్‌కి పేస్ట్ ముందే పూసి ఉంటుంది, దానికి వేరేది అక్కర్లేదు. మీరే వేసుకోవాల్సి వస్తే ప్రాసెసర్ మధ్యలో బఠాణీ గింజంత చాలు, కూలర్ ఒత్తిడికి అదే పరుచుకుంటుంది. నాలుగు స్క్రూలనీ ఎదురెదురు మూలల లెక్కన ఒక్కోదాన్ని రెండు మూడు చుట్లు తిప్పుతూ సమానంగా బిగించండి, ఒకదాన్ని పూర్తిగా బిగించాక ఇంకోదానికి వెళితే కూలర్ ఓ పక్కకి ఎత్తిపోతుంది. ఫ్యాన్ వైరు పెట్టడం మర్చిపోకండి. మొదటిసారి ఆన్ చేసినప్పుడు రెండు మూడు సార్లు దానంతట అదే ఆగి లేవచ్చు, ఓ రెండు నిమిషాలు ఓపిక పట్టండి.

గ్రాఫిక్స్ కార్డు

బడ్జెట్‌లో సగం దాకా ఇక్కడే పోతుంది, పోవాలి కూడా. 1080పీ మానిటర్ మీద ఆడేవాళ్ళకి 2021లో వచ్చిన ఆర్‌ఎక్స్ 6600 నాకు ఇప్పటికీ సరైన కార్డనిపిస్తుంది. 8 జీబీ మెమరీ, 132 వాట్లు, ఒక్క 8 పిన్ కనెక్టర్. మావాడికి కొన్నదీ అదే, సెకండ్ హ్యాండ్‌లో. వీడియో ఎడిటింగో, బ్లెండర్‌లో 3డీ పనో కూడా చేసేవాళ్ళకి ఆర్‌టీఎక్స్ 3060 12 జీబీ మేలు. ఎస్‌ఎంపీఎస్ మార్చే పరిస్థితి అసలు లేనివాళ్ళకి ఆర్‌టీఎక్స్ 3050లో 6 జీబీ రకం ఉంది, అది 70 వాట్లే తీసుకుంటుంది, వేరే పవర్ వైరు అక్కర్లేని మోడళ్ళు దొరుకుతాయి.

ఒక కార్డు మాత్రం పాత బోర్డుల వాళ్ళు కొనొద్దు, ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ. అది పీసీఐఈ స్లాట్‌లో (కార్డు కూర్చునే స్లాట్) నాలుగు లేన్లే, అంటే నాలుగు డేటా దారులే వాడుతుంది. కొత్త పీసీఐఈ 4.0 బోర్డులో సర్దుకుపోతుంది గానీ బీ450 లాంటి 3.0 బోర్డులో ఆ దారి సగానికి పడిపోతుంది, 4 జీబీ మెమరీ నిండగానే ఆట కుదుపులు మొదలవుతాయి. చవకగా దొరుకుతోందంటే కారణం అదే. ఇంటెల్ ఆర్క్ బీ580 మంచి కార్డే, 12 జీబీ ఉంది, అయితే దానికి రీసైజబుల్ బార్ (కార్డు మెమరీ అంతా ప్రాసెసర్ ఒకేసారి అందుకునేలా చేసే బయోస్ సెట్టింగు) తప్పనిసరి అనుకోవాలి, కాబట్టి మరీ పాత ప్రాసెసర్లున్న వాళ్ళకి సరిపడదు.

సెకండ్ హ్యాండ్ కార్డు కొనేటప్పుడు అమ్మేవాళ్ళ ఇంటికే వెళ్ళండి, పీసీలో పెట్టి నడిపి చూపించమనండి. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీ దగ్గర కొంటే షాపులోనే పరీక్షించమని అడగండి, ఒప్పుకోకపోతే పక్క షాపుకి వెళ్ళండి, అక్కడ షాపులకి కొదవేం లేదు. జీపీయూ-జెడ్ అనే సాఫ్ట్‌వేర్ తెరిచి చిప్ పేరు, మెమరీ సైజు చూడండి, పాత చిప్ మీద కొత్త పేరు ఎక్కించిన దొంగ కార్డులని అది చాలావరకు పట్టేస్తుంది. తర్వాత కార్డు మీద పూర్తి లోడు పెట్టే ఫర్‌మార్క్ పదిహేను నిమిషాలు నడపండి. స్క్రీన్ మీద రంగు చుక్కలు, గీతలు వచ్చినా, ఫ్యాన్లు గరగరమన్నా, పీసీ రీస్టార్ట్ అయినా వదిలేయండి. ఫోన్ కెమెరాతో స్క్రూల తలలు దగ్గరగా చూస్తే అరిగిపోయిన గాట్లు కనిపిస్తాయి, అలా ఉంటే ఎవరో విప్పారన్నమాట, ఎందుకు విప్పారో అడగండి. మేం చూసిన మొదటి కార్డు బయటికి కొత్తదానిలా మెరుస్తోంది, పరీక్ష మొదలెట్టిన నాలుగో నిమిషంలో స్క్రీన్ అంతా ఆకుపచ్చ చుక్కలు. రెండో చోట దుమ్ము పట్టిన కార్డు దొరికింది, బిల్లు ఉంది, ఇరవై నిమిషాలు నడిపినా చెక్కుచెదరలేదు, అదే తెచ్చుకున్నాం. బిల్లు ఉన్న వస్తువుకి రెండు వేలు ఎక్కువైనా ఇవ్వొచ్చు, వారంటీ మిగిలి ఉంటే ఆ కాగితమే ఆధారం.

పాత కార్డు తీసేముందు డీడీయూ అనే సాఫ్ట్‌వేర్‌తో పాత డ్రైవర్లు తుడిచేయండి, ఎన్‌విడియా నుంచి ఏఎండీకి మారేటప్పుడు ఇది ముఖ్యం. కార్డు స్లాట్ చివర చిన్న ప్లాస్టిక్ గొళ్ళెం ఉంటుంది, అది నొక్కకుండా లాగితే విరుగుతుంది. కొత్త ప్రాసెసర్ కూడా పెట్టాక బయోస్‌లో రీసైజబుల్ బార్ ఆన్ చేయండి, ఆర్‌ఎక్స్ కార్డులకి కొన్ని గేముల్లో ఉచితంగా వచ్చే లాభం అది.

ఎస్‌ఎంపీఎస్ దగ్గర మాత్రం పిసినారితనం వద్దు

మావాడి ఎస్‌ఎంపీఎస్ మీద 450 వాట్స్ అని పెద్దక్షరాలతో ఉంది. స్టిక్కర్ మీద చిన్నక్షరాల్లో 12 వోల్ట్ గడి చూస్తే 16 ఆంపియర్లు. గుణిస్తే 192 వాట్లు. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ తాగేది ఆ 12 వోల్ట్ లైన్ నుంచే, మిగతా అంకె ఎంతున్నా వాటికి అక్కరకి రాదు. 1050 టీఐ స్లాట్ నుంచే 75 వాట్లు తీసుకుని సర్దుకుపోయింది కాబట్టి ఇన్నాళ్ళూ బండి నడిచింది, 6600 పెట్టి ఉంటే ఆట మధ్యలో టప్‌మని ఆగేది, లేదా పోతూ పోతూ బోర్డుని కూడా తీసుకుపోయేది. దానికి గ్రాఫిక్స్ కార్డు వైరే లేదు. ఇలాంటప్పుడు మోలెక్స్ (పాత రకం నాలుగు పిన్నుల వైరు) నుంచి 8 పిన్‌కి మార్చే అడాప్టర్ ఇస్తామంటారు, తీసుకోకండి, ఆ సన్నటి వైర్లు అంత లోడుకి చేసినవి కావు.

పేరున్న కంపెనీది 550 వాట్లు, 80 ప్లస్ బ్రాంజ్ (కరెంట్ వృథా తక్కువని చెప్పే ముద్ర), ఐదేళ్ళ వారంటీ ఉన్నది కొత్తది తీసుకోండి. ఈ ఒక్కటీ సెకండ్ హ్యాండ్ వద్దని నా మాట. మాడ్యులర్ (వైర్లు విడిగా ఊడే) రకమైతే దానితో వచ్చిన వైర్లే వాడండి. పాత ఎస్‌ఎంపీఎస్ వైరు ఇందులో పట్టినా లోపల పిన్నుల అమరిక వేరేగా ఉండొచ్చు, ఆన్ చేసిన క్షణంలో డిస్కులు మాడిపోవచ్చు. ప్రాసెసర్‌కి వెళ్ళే 8 పిన్ 4, 4గా విడిపోతుంది, గ్రాఫిక్స్ కార్డుది 6, 2గా విడిపోతుంది, చూసి పెట్టండి, పట్టకపోతే బలవంతం చేయొద్దు.

క్యాబినెట్ తాకితే చేతికి జివ్వుమని తగులుతుంటే ఇంట్లో ఎర్తింగ్ లేదన్నమాట. ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఆ ప్లగ్ పాయింట్ సరిచేయించండి, ఆ చిన్న పని వాయిదా వేసి ఇన్ని వేల సామాను దాని మీద నడపకండి. యూపీఎస్ కూడా లెక్క చూడాలి, 600 వీఏ అని రాసి ఉన్నవి మామూలుగా 360 వాట్ల దాకానే మోస్తాయి, మానిటర్‌తో కలిపి కొత్త పీసీ దానికి దగ్గరగా వెళుతుంది, బ్యాటరీ పాతదైతే గేమ్ మధ్యలో కరెంట్ పోగానే అదీ పోతుంది.

అన్నీ బిగించాక

ఎక్స్‌ఎంపీ ఆన్ చేసి, చిప్‌సెట్ డ్రైవర్, గ్రాఫిక్స్ డ్రైవర్ వేసి, ఒక గంట మీకిష్టమైన ఆటే ఆడుతూ టెంపరేచర్లు చూడండి. చిన్న కూలర్‌తో 5600 గేముల్లో 70, 80 మధ్య ఉంటే కంగారు పడక్కర్లేదు. 90 దగ్గరికి చేరుతుంటే కూలర్ ఒక పక్కకి లేచి ఉందేమో చూడండి, ముందు వైపు ఒక ఫ్యాన్ గాలి లోపలికి లాగేలా, వెనక ఒకటి బయటికి తోసేలా పెట్టండి. బోర్డు మార్చేవాళ్ళు మాత్రం విండోస్ లైసెన్స్‌ని ముందే మైక్రోసాఫ్ట్ అకౌంట్‌కి కలుపుకోవాలి, ప్రాసెసర్ ఒక్కటే మార్చేవాళ్ళకి మామూలుగా ఆ ఇబ్బంది రాదు.

అన్నీ ఒకేసారి కొనే డబ్బు లేకపోతే ఈ నెల ఎస్‌ఎస్‌డీ, ర్యామ్, తర్వాత ప్రాసెసర్, ఆ తర్వాత ఎస్‌ఎంపీఎస్, గ్రాఫిక్స్ కార్డు కలిపి. ఆ చివరి రెండూ విడదీయకండి. వాలొరెంట్ లాంటివి ఆడనివాళ్ళు ప్రాసెసర్‌ని చివరికి జరపొచ్చు.

మావాడికి మొత్తం నలభై వేల లోపే తేలింది. పాత 2600, 1050 టీఐ రెండూ బాగానే పనిచేస్తున్నాయి కాబట్టి వాటి డబ్బాలు, బిల్లులు వెతికి పెట్టమన్నాను, అవి ఉంటే అమ్మినప్పుడు రేటు బాగా వస్తుంది. ఆ రాత్రి పదకొండింటికి మెసేజ్ పెట్టాడు, "అన్నా, మ్యాప్ లోడ్ అయ్యేసరికి నేనే ముందున్నా" అని.